చివరి గడి లేని ఆట

పరిచయం

వైకుంఠపాళిలో పరమపదం చేరితే ఆట అయిపోతుంది. పచ్చీసులో కాయలన్నీ పండితే గెలిచినట్టే. చదరంగంలో రాజుకి కదలడానికి చోటు లేకపోతే బల్ల మడిచేస్తాం. మనకి తెలిసిన ఆటలన్నిటికీ ఇలా ఒక చివర ఉంటుంది. 1974లో అమెరికాలో పుట్టిన ఒక ఆటకి మాత్రం చివరి గడి అంటూ లేదు. దాని పేరు డన్జన్స్ అండ్ డ్రాగన్స్. ఈ ఆటలో పాత్రల బలం పెరుగుతూనే ఉంటుంది. బలం పెరిగేకొద్దీ ఆట బాగుండాలి కదా! కానీ జరిగింది వేరు. బలం బాగా పెరిగాక ఈ ఆటని నడపడం చాలా కష్టమని మొదటి రెండేళ్లలోనే తేలిపోయింది. దాన్ని సరిచేయడానికి ఆట తయారుచేసినవాళ్లు దశాబ్దాల పాటు ఒకదాని తర్వాత ఒకటి ఉపాయాలు వెతికారు. ఆ చరిత్రే ఈ వ్యాసం.

ముందుగా ఆట ఎలా ఆడతారో చెప్పాలి. నలుగురైదుగురు స్నేహితులు బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్లలో ఒకరు ఆట నడిపేవారు. ఆయన్ని డన్జన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర ఉంటుంది. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు పూజారి, ఒకరు దొంగ. "మీ ముందు పాడుబడ్డ కోట ఉంది, తలుపు మూసి ఉంది, లోపల ఏదో గురక వినబడుతోంది, ఏం చేస్తారు?" అని నడిపేవారు అడుగుతారు. ఎవరేం చేస్తారో వాళ్లు చెప్తారు. అది ఫలిస్తుందో లేదో తేల్చడానికి పాచికలు వేస్తారు. సాహసాలు చేసేకొద్దీ పాత్రకి అనుభవం పాయింట్లు వస్తాయి, పాయింట్లు పెరిగితే లెవెల్ పెరుగుతుంది. వచ్చేవారం అదే పాత్రతో మళ్లీ కూర్చుంటారు. అంటే ఇది ఒక పూటలో తేలే ఆట కాదు, నెలలు, ఏళ్లు సాగే ఆట.

లెవెల్ అనే లెక్క ఎక్కడిది?

ఈ లెక్క యుద్ధాల ఆట నుంచి వచ్చింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్లో గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఉండేవాడు. ఆయనా, జెఫ్ పెరెన్ కలిసి 1971లో బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి చెయిన్‌మెయిల్ అనే నియమాల పుస్తకం తెచ్చారు. దాని చివర మాంత్రికులు, డ్రాగన్లు వచ్చే యుద్ధాలకి కొన్ని నియమాలు చేర్చారు. అందులో ఒక హీరో నలుగురు సైనికులతో సమానం. సూపర్ హీరో ఎనిమిది మందితో సమానం.

అదే కాలంలో మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ తన స్నేహితులతో బ్లాక్‌మూర్ అనే ఊహా రాజ్యంలో ఆట నడుపుతున్నాడు. ఆయన ఆటలో ఒక్కొక్కరికి సైన్యం ఉండదు, ఒక్క మనిషే ఉంటాడు. ఆ మనిషి వారం వారం తిరిగొస్తాడు, నేర్చుకుంటాడు, పెరుగుతాడు. ఈ రెండు ఆలోచనలూ కలిసి 1974లో మూడు చిన్న పుస్తకాలుగా ఒక పెట్టెలో బయటికొచ్చాయి. మొదట అచ్చేసింది వెయ్యి పెట్టెలు మాత్రమే. ఆ పుస్తకాల్లో నాలుగో లెవెల్ యోధుడి బిరుదు హీరో, ఎనిమిదో లెవెల్ వాడి బిరుదు సూపర్ హీరో. అంటే లెవెల్ అనేది మొదట్లో "వీడు ఎంతమంది పెట్టు?" అనే ప్రశ్నకి జవాబన్నమాట.

మరి అది ఎంతవరకు పెరగొచ్చు? సిద్ధాంతం ప్రకారం హద్దేమీ లేదని ఆ పుస్తకాలే చెప్పాయి. అప్పట్లో మాంత్రికుల మంత్రాలు ఆరో స్థాయి వరకే ఉండేవి. మరుసటి ఏడు, 1975లో వచ్చిన గ్రేహాక్ అనే అనుబంధం వాటిని తొమ్మిదో స్థాయికి తీసుకెళ్లింది. కోరింది జరిగేలా చేసే "విష్" అనే మంత్రం ఆ తొమ్మిదో స్థాయిలోనే ఉంది. అడిగిన వరమల్లా ఇచ్చే మంత్రం ఆటగాడి చేతికొస్తే నడిపేవారి పని ఏమవుతుందో మీరే ఊహించండి.

బలం పెరిగితే కష్టమెందుకు?

మొదటి కారణం, ప్రతి పెద్ద మంత్రం ఒక రకం కథని మింగేస్తుంది. చిన్న లెవెల్‌లో పొంగుతున్న ఏరు దాటడమే ఒక సాయంత్రానికి సరిపడే కథ. తాడు ఎవరు కడతారు, ఎవరు ముందు దిగుతారు, కొట్టుకుపోతే ఎలా అని అందరూ తల పట్టుకుంటారు. ఎగిరే మంత్రం వచ్చాక ఏరు కథ లేదు. చచ్చినవాళ్లతో మాట్లాడే మంత్రం ఉంటే హత్య చేసిందెవరో కనిపెట్టే కథ లేదు, శవాన్నే అడిగేస్తారు. ఉన్నచోటి నుంచి వెయ్యి మైళ్ల దూరంలో తేలే మంత్రం వస్తే ప్రయాణాల కథ లేదు. చనిపోయినవాళ్లని బతికించే మంత్రం ఉంటే చావు భయమే లేదు. వారమంతా కూర్చుని నడిపేవారు రాసుకున్న కథ ఒక్క మంత్రంతో ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

రెండో కారణం లెక్కల బరువు. ఇప్పటి నియమాల్లో మొదటి లెవెల్ మాంత్రికుడు విశ్రాంతి తీసుకునేలోపు రెండుసార్లు మాత్రమే చెప్పుకోదగ్గ మంత్రం వేయగలడు. 20వ లెవెల్‌లో అదే లెక్క 22 సార్లు. ఉల్కల వాన కురిపించే ఒక మంత్రానికి ఆరు ముఖాల పాచికలు 40 వేసి కూడాలి. సగటున 140 వస్తుంది. ఒక్కరు తమ వంతు ముగించేలోపు మిగతావాళ్లకి ఆవలింతలొస్తాయి.

మూడో కారణం అన్నిటికంటే ముఖ్యమైనది. అందరి బలం ఒకేలా పెరగదు. యోధుడు ఇంకా గట్టిగా కత్తి తిప్పుతాడు, అంతే. మాంత్రికుడు మాత్రం కాలాన్ని ఆపుతాడు, వేరే లోకాలకి దారి తీస్తాడు. ఒకే బల్ల దగ్గర కూర్చున్న ఇద్దరు స్నేహితుల్లో ఒకరు అన్నీ చేసేస్తుంటే, రెండోవాళ్లు చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఇక్కడ దెబ్బ తినేది కథ ఒక్కటే కాదు, స్నేహితుల మధ్య సమానత్వం కూడా.

దేవుళ్లకి అంకెలు వేసిన పుస్తకం

తొలిరోజుల్లో దొరికిన బంగారాన్ని బట్టి అనుభవం పాయింట్లు వచ్చేవి. కాబట్టి నడిపేవారు ధనం ధారాళంగా పంచితే లెవెళ్లు గబగబా పెరిగేవి. అలా పంచేవాళ్లని ఎగతాళిగా మాంటీ హాల్ అనేవారు. ఆయన టీవీ ఆటలో బహుమతులు పంచిపెట్టే వ్యాఖ్యాత. 1976లో గైగాక్స్ ఒక వ్యాసంలో లెక్క చెప్పాడు. ఏడాదికి 50 నుంచి 75 సార్లు ఆడి, బతికి బయటపడ్డ మామూలు ఆటగాడు తొమ్మిది నుంచి పదకొండో లెవెల్ దాకా చేరడం సబబు అన్నాడు. కానీ అప్పటికే మా పాత్ర 40వ లెవెల్ దాటింది అనేవాళ్లు తయారయ్యారు.

వాళ్లని దారికి తేవడానికి అదే ఏడు ఒక పుస్తకం వచ్చింది. రాబ్ కుంట్జ్, జేమ్స్ వార్డ్ రాసిన ఆ పుస్తకం రకరకాల దేశాల పురాణాల్లోని దేవుళ్లకీ, వీరులకీ అంకెలు వేసింది. మన భారతదేశపు దేవతలకి కూడా అందులో ఒక భాగం ఉంది. సంపాదకుడు టిమ్ కాస్క్ ముందుమాటలో ఉద్దేశం దాచకుండా చెప్పాడు. 40 దాటిన లెవెళ్లు ఎంత హాస్యాస్పదమో చూపించడానికి ఇది మా ఆఖరి ప్రయత్నం అన్నాడు. ఉత్తర ఐరోపా దేవతల పెద్ద అయిన ఓడిన్‌కే ప్రాణబలం 300 ఉంటే, మీ 44వ లెవెల్ పాత్ర సంగతేమిటని ఆయన వాదన.

ఆటగాళ్లు దాన్ని తిరగేసి చదివారు. దేవుడికి 300 ప్రాణబలం అని రాసి ఉందంటే, 300 దెబ్బలు కొడితే దేవుడు కూడా పడిపోతాడని అర్థం చేసుకున్నారు! సిగ్గుపడతారనుకున్న పుస్తకమే చాలామందికి కొత్త శత్రువుల జాబితా అయింది. ఇక్కడ చరిత్ర చెప్పే పాఠం ఒకటుంది. దేనికైనా అంకె వేస్తే, ఆ అంకెని దాటాలనే ఆశ కూడా దానితోపాటే పుడుతుంది.

సమాధిలో పరీక్ష

గైగాక్స్ ఇంకో దారి కూడా ప్రయత్నించాడు. 1975లో బాల్టిమోర్‌లో జరిగిన మొదటి ఆరిజిన్స్ ఆటల సమ్మేళనంలో ఆయన ఒక సాహసాన్ని పోటీగా నడిపించాడు. పేరు టూమ్ ఆఫ్ హారర్స్, అంటే ఘోరాల సమాధి. 1978లో అది పుస్తకంగా వచ్చింది. అందులో కొట్టాల్సిన రాక్షసులు చాలా తక్కువ, ఉచ్చులు చాలా ఎక్కువ. గోడ మీద నోరు తెరిచిన ఒక దయ్యం ముఖం ఉంటుంది. ఆ నోరు దారి అనుకుని లోపలికి దూరినవాడు ఏ లెవెల్ వాడైనా మాయమైపోతాడు. తిరిగి రావడం ఉండదు. కండబలంతో పని లేదు, ఆగి ఆలోచించేవాడే బయటపడతాడు.

ఉపాయం మంచిదే, కానీ వారం వారం పనికిరాదు. ప్రతి తలుపూ ప్రాణం తీసేదే అయితే ఆటగాళ్లు తలుపు ముట్టుకోవడమే మానేస్తారు. నడిపేవారు తమకి శత్రువని అనుకోవడం మొదలుపెడతారు. స్నేహితుల బల్ల దగ్గర అది పెద్ద నష్టం.

కత్తి బదులు రాజ్యం

1983 నుంచి 1986 వరకు ఫ్రాంక్ మెంట్జర్ ఈ ఆటని ఐదు పెట్టెలుగా మళ్లీ రాశాడు. మొదటి పెట్టె ఒకటి నుంచి మూడో లెవెల్ వరకు, రెండోది 14 వరకు, 1984లో వచ్చిన మూడోది 25 వరకు, నాలుగోది 36 వరకు. ఐదోది చావులేనివాళ్లయిపోయిన పాత్రల కోసం. మొదటిసారి ఆటకి ఒక చివర గీత గీశారు, అది 36. ఆ గీత అవతల కూడా ఇంకో పెట్టె పెట్టారనేది వేరే సంగతి.

నాకు అన్నిటికంటే నచ్చింది మూడో పెట్టె. అందులో పెద్ద లెవెల్ పాత్రకి ఇంకా పెద్ద రాక్షసుణ్ణి ఇవ్వడంతో సరిపెట్టలేదు, రాజ్యం ఇచ్చారు. ప్రజల సంఖ్య ఎంత, పన్ను ఎంత వేయాలి, ప్రజలకి పాలకుడి మీద నమ్మకం ఎంత అనే లెక్కలున్నాయి. సైన్యాలు తలపడితే తేల్చడానికి వేరే నియమాలున్నాయి. కత్తితో డ్రాగన్‌ని చంపొచ్చు గానీ, కత్తితో కరువుని చంపలేరు. పన్ను పెంచితే ఖజానా నిండుతుంది, నమ్మకం పోతుంది. ఇలాంటి ప్రశ్నకి 36వ లెవెల్ అయినా తేలిక జవాబు లేదు.

ఐతే దీనికీ ఇబ్బంది ఉంది. సాహసం కోసం వచ్చిన పిల్లలకి పన్నుల చిట్టా చేతికిస్తే అందరికీ నచ్చదు. అందుకే ఇంకోవైపు బలాన్ని బలంతోనే కొట్టే సాహసాలు కూడా వచ్చాయి. 1988లో వచ్చిన థ్రోన్ ఆఫ్ బ్లడ్‌స్టోన్ అట్ట మీద 18 నుంచి 100వ లెవెల్ పాత్రల కోసం అని ఉంది. మొదటి పుస్తకంలోని నాలుగో లెవెల్ హీరో ఎక్కడ, ఈ నూరెక్కడ!

లెక్కలు పెరిగిన కాలం

1997లో ఈ ఆట విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే సంస్థ చేతికి వెళ్లింది. 2000లో మూడో కూర్పు వచ్చింది. నియమాలు చక్కగా, ఒకే పద్ధతిలో ఉన్నాయి, ప్రధాన పుస్తకంలో 20 లెవెళ్లు. ఐతే చక్కటి పద్ధతిలోనే చిక్కు దాగుంది. ఇరవై ముఖాల పాచిక వేసి, దానికి పాత్ర బలాన్ని కలపాలి. దాడి చేసేటప్పుడు మొదటి లెవెల్ యోధుడికి 1 కలుస్తుంది, మాంత్రికుడికి సున్నా. తేడా ఒక్కటే. 20వ లెవెల్‌కి యోధుడికి 20, మాంత్రికుడికి 10. తేడా పది అయింది! ఇవి కాక మాయ కత్తులు, మంత్రాల వల్ల కలిసేవి వేరే. యోధుడికి గట్టి పోటీ ఇచ్చే శత్రువుని పెడితే మాంత్రికుడి కత్తి దాన్ని తాకనే తాకదు. మాంత్రికుడికి సరిపోయేది పెడితే యోధుడికి పాచిక వేయాల్సిన పనే ఉండదు. పాచికకి విలువ లేకపోతే ఉత్కంఠ ఎక్కడిది? 2002లో 20 దాటిన లెవెళ్లకి కూడా ఒక లావాటి పుస్తకం వచ్చింది. అంకెలు ఇంకా పెరిగాయి గానీ చిక్కు తీరలేదు.

2008లో నాలుగో కూర్పు ధైర్యంగా అంతా మార్చేసింది. 30 లెవెళ్లని పదేసి చొప్పున మూడు మెట్లు చేసింది. యోధుడికీ మాంత్రికుడికీ ఇంచుమించు ఒకే లెక్కన శక్తులు ఇచ్చింది. అసమానత్వం చాలావరకు పోయింది. కానీ "అందరూ ఒకేలా ఉన్నారు, మాంత్రికుడిలో మాంత్రికుడు కనబడట్లేదు" అన్నవాళ్లు చాలామంది. యుద్ధాలు కూడా గంటలకొద్దీ సాగేవి. ఒకచోట నొక్కితే ఇంకోచోట ఉబ్బే బుడగలా ఉంది వ్యవహారం.

కళ్లెం వేయడం

2014లో వచ్చిన ఐదో కూర్పు ఆ పాఠాలన్నీ చదువుకున్నట్టుంది. మొదటి లెవెల్‌లో నైపుణ్యానికి కలిసే అంకె 2, 20వ లెవెల్‌లో 6. అది అన్ని రకాల పాత్రలకీ ఒకటే. అందువల్ల పాచిక విలువ చివరిదాకా నిలుస్తుంది. చిన్న శత్రువులు కూడా గుంపుగా వస్తే పెద్ద వీరుడికి ప్రమాదమే. ఏకాగ్రత కావాల్సిన మంత్రాల్లో ఒకేసారి ఒక్కటే నడుస్తుంది. తొమ్మిదో స్థాయి మంత్రం 20వ లెవెల్‌లో కూడా రోజుకి ఒక్కసారే. దూరాలకి తీసుకెళ్లే మంత్రం 1974లో ఐదో స్థాయిలో ఉండేది, ఇప్పుడది ఏడో స్థాయికి జరిగింది. అంటే ప్రయాణాల కథలకి ఇంకొంతకాలం ఆయుష్షు పోశారు. విష్ మంత్రాన్ని ఇంకో మంత్రానికి బదులుగా వాడితే భయం లేదు. అంతకుమించి ఏదైనా కోరితే మాత్రం, ఇక జన్మలో ఆ మంత్రం వేయలేకపోయే ప్రమాదం నూటికి 33 వంతులు.

అయినా పూర్తిగా తీరిందని చెప్పలేం. ఈ నియమాల మీదే తయారైన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆట 2023లో వచ్చింది. అందులో పాత్రలు 12వ లెవెల్ దగ్గర ఆగిపోతాయి. ఏ కోరిక కోరినా దానికి తగ్గ కథ ముందే సిద్ధంగా ఉంచడం కంప్యూటర్‌కి కూడా సాధ్యం కాదు కదా. ఆ పని బల్ల దగ్గర కూర్చున్న మనిషి మాత్రమే చేయగలడు, అతనికి కూడా కష్టమే.

మన కథలు ఏం చేశాయి?

ఇదంతా చదువుతుంటే నాకు మన పురాణాలు గుర్తొచ్చాయి. అంతులేని బలం ఉన్న పాత్రలతో కథ నడపడం మన కథకులకి కొత్త కాదు. హనుమంతుడికి సముద్రం దాటగల బలం ఉంది, కానీ జాంబవంతుడు గుర్తుచేసేదాకా అది ఆయనకే తెలియదు. కర్ణుడికి ఇంద్రుడిచ్చిన శక్తి ఆయుధం తిరుగులేనిదే, కానీ ఒక్కసారే పనిచేస్తుంది. అర్జునుడి కోసం దాచుకున్నదాన్ని ఘటోత్కచుడి మీద వాడాల్సి వస్తుంది. తొమ్మిదో స్థాయి మంత్రం రోజుకి ఒక్కసారే అన్న నియమంలోని కిటుకు ఇదే. దేనికి వాడాలి, ఎప్పుడు వాడాలి అన్న ఆలోచనలోనే కథ ఉంది. భస్మాసురుణ్ణి ఇంకో పెద్ద బలం ఓడించలేదు. మోహిని నాట్యంలో వాడి చెయ్యి వాడి తల మీదికే వచ్చింది. ఘోరాల సమాధిలో ఉన్న ఉపాయం కూడా ఈ జాతిదే.

ఒక తేడా మాత్రం ఉంది. పురాణం చెప్పేవారికి కర్ణుడు ఏం చేస్తాడో ముందే తెలుసు. ఆట నడిపేవారికి తెలియదు. ఎందుకంటే అక్కడ కర్ణుడు ఎదురుగా కూర్చున్న స్నేహితుడు, వాడికి సొంత బుర్ర ఉంది. ఈ ఆటలో అందమూ అదే, కష్టమూ అదే.

ముగింపు

ఈ చరిత్రంతా చూశాక నాకు అర్థమైనవి మూడు. ఒకటి, హద్దు ముందే పెట్టుకోవాలి. మొక్కై వంగనిది మానై వంగుతుందా? 40వ లెవెల్ దాకా పంచేసి ఆ తర్వాత దేవుళ్ల పుస్తకం చూపిస్తే ఎవరూ వినలేదు. రెండు, పెద్ద బలానికి తగినది పెద్ద రాక్షసుడు కాదు, పెద్ద బాధ్యత. రాక్షసుడి అంకెని ఎప్పుడో ఒకప్పుడు దాటేస్తారు. ప్రజల నమ్మకం అలా కాదు, దాన్ని రోజూ సంపాదించుకోవాలి. మూడు, చివరి గడి పుస్తకంలో లేకపోతే ఆడేవాళ్లే కలిసి గీసుకోవాలి. ఎవరికీ విసుగు పుట్టకముందే, మన వీరుల కథ ఇక్కడితో సుఖాంతం అని అందరూ ఒప్పుకుని ముగించడం ఓటమి కాదు. మళ్లీ మొదటి లెవెల్ నుంచి, తాడు పట్టుకుని ఏరు దాటే కథతో మొదలుపెట్టొచ్చు. ఈసారి ఆట నడిపే బరువు ఇంకొకరు ఎత్తుకోవచ్చు. ఇన్నాళ్లూ నడిపినవారికి కూడా ఒక పాత్రతో హాయిగా ఆడుకునే హక్కు ఉంది కదా.